ఏడో సముద్రం నీళ్ళు

మా అమ్మ గోదావరి జిల్లాలో కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషి. నాన్నకి పోర్టులో ఉద్యోగం వచ్చి విశాఖపట్నం కాపరానికి వచ్చాక గాని సముద్రాన్ని చూడలేదు. చూసిన రోజునే నడుం లోతుదాకా దిగి మూడు మునకలేసి వచ్చిందట. ఆ తర్వాత మాఘ పౌర్ణమికి, కార్తీక సోమవారాలకి ఆవిడ సముద్రస్నానం ఎప్పుడూ తప్పలేదు. నాన్న పోయి, మేం అదే ఊళ్ళో పాతబస్తీలో అద్దె ఇంటి మేడ మీదకి మారాక మోకాళ్ళు పట్టేశాయి, అప్పుడు తప్పింది. దానికి ఆవిడ పడ్డ బాధ చూస్తే, నాన్న పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదేమో అనిపించి నాకు ఒళ్ళు మండేది.

అన్నయ్య ఓడ ఉద్యోగంలో చేరింది డెబ్బైల చివర. ఇంజిన్ గదిలో ఫిట్టరు. గనుల్లోంచి వచ్చే ఇనపరాయి ఎత్తుకుని జపాన్ వెళ్ళే ఓడల్లో మొదలుపెట్టి, తర్వాత ఎవరు పిలిస్తే ఆ ఓడ ఎక్కేవాడు. మొదటిసారి బయల్దేరుతున్నప్పుడు అమ్మ వాడి పెట్టెలో ఆవకాయ జాడీ పక్కన ఖాళీ సీసా ఒకటి పెట్టింది.

“నేను సముద్రం దగ్గరకి పోలేను కదరా. నువ్వు ఏ సముద్రం మీదకి పోతే ఆ నీళ్ళు నాకో సీసాడు పట్రా. ఏడు సముద్రాల నీళ్ళూ ఇంట్లో ఉంటే ఇంక నాకు స్నానానికి లోటేముంది?”

కింద వాటాలో ఇంటివాళ్ళుండేవారు. తరాలుగా అత్తరు, యునాని మందుల వ్యాపారం. పన్నీరు వచ్చే పొడవాటి గాజు సీసాలు, గాజు బిరడాలతో సహా, ఆ ఇంటి పెద్దావిడే అమ్మకి ఇచ్చింది. “సాఫ్ చేసి ఇచ్చినానమ్మా, దేవుడి దగ్గర పెట్టుకోవచ్చు” అంది. అలా దేవుడి అలమరలో అడుగు అరంతా సీసాలు చేరాయి. అన్నయ్య ఒక్కోదానికీ కాగితం ముక్క అంటించి పేరు రాశాడు. అరేబియా, మధ్యధరా, జపాన్, నల్ల సముద్రం. ఎర్ర సముద్రం సీసా వచ్చిన రోజున అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఎర్రగా లేదేరా? నువ్వు సరిగ్గా చూసే పట్టావా?” అని అనుమానపడింది. వాడు ఓడలోంచి బకెట్ దింపి నీళ్ళు తోడాలంటే పై అధికారిని ఎంత బతిమాలాలో ఆవిడకేం తెలుసు. నేను నవ్వి చచ్చాను. మన సముద్రంతో కలిపి అప్పటికి ఆరయ్యాయి.

ఆ రోజుల్లో మా ఊళ్ళో మురికంటే కంటికి కనిపించేది. రేవులో రైలు పెట్టెల్లోంచి ఇనపరాయి దించుతుంటే తీగ మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి ఇటుక రంగుకి తిరిగేవి. గాలి అటునుంచి తిరిగితే చమురు శుద్ధి చేసే చోటి వాసన అన్నంలోకి కూడా వచ్చేది. మేం గొణుక్కుంటూ దులుపుకునేవాళ్ళం, ఉతుక్కునేవాళ్ళం, కిటికీలు మూసుకునేవాళ్ళం. అమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. “కడిగితే పోతుంది. ఊళ్ళో మురుగంతా సముద్రంలోకే పోతోంది కదే, దానికేమన్నా అంటిందా? దానికి అంటదు” అనేది. నేను హైస్కూల్లో సైన్సు చెప్పే టీచర్ని. ఉప్పు నీటి గురించి, మురుగు గురించి నాలుగు ముక్కలు చెప్పబోతే, “నీ పాఠాలు బళ్ళో చెప్పుకో” అని నా నోరు మూయించేది.

ఏడో సీసా కోసం అన్నయ్య తొందరేం పడలేదు. ఓ ఏడాది వాళ్ళ ఓడ మరమ్మతుకని ఇంగ్లండు పడమటి తీరంలో ఒక చిన్న రేవులో చాలా రోజులు ఆగిపోయింది. ఎదురుగా ఐర్లండు. మధ్యలో ఉన్నదే ఏడో సముద్రం అని వాడు లెక్కేసుకున్నాడు. ఒక ఆదివారం తోటి పనివాడితో కలిసి బస్సెక్కి తీరం వెంట కొంత దూరం పోయి, దిగి, ఇసకలో నడిచాడట. చలి, ముసురు. మనిషన్నవాడు లేడు. దూరంగా పెద్ద పెద్ద పొగగొట్టాలు, వాటి పక్కన గుండ్రటి గోపురం లాంటిది ఏదో కనిపించిందట. పోటు తగ్గి నీళ్ళు వెనక్కి పోయిన చోట బూడిదరంగు ఒండ్రు. అక్కడ వంగి సీసా ముంచేసరికి నీళ్ళతోపాటు అడుగున రెండు వేళ్ళ మందం మెత్తటి మన్ను, పచ్చటి నాచు తుంపొకటి కూడా వచ్చాయి. పారబోసి మళ్ళీ పడదామంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అలాగే బిరడా పెట్టేశాడు.

అది చూసి అమ్మ మురిసిపోయింది. మిగతావన్నీ నడిసముద్రంలో తోడినవి, వట్టి నీళ్ళు. “ఇందులో భూమి కూడా వచ్చిందిరా” అని ఆ సీసాని అరలో మధ్యన పెట్టింది.

తర్వాతి ఏడాది అన్నయ్యకి పాప పుట్టింది.

వదినది తగరపువలస. మాట గలగల, పని చకచక. మా అమ్మ ఆవిడ మాటతీరుని వెక్కిరిస్తే, ఆవిడ మా గోదావరి సాగతీతని వెక్కిరించేది. ఇద్దరికీ సరిపోయింది. పుట్టింట్లో పురుడు పోసుకుని, మూడో నెలలో పాపనెత్తుకుని వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచీ నీళ్ళు పోసే పని అమ్మది. మెట్లు దిగలేని మనిషి, పాప కోసం పీట మీద కూర్చుని కాళ్ళు బారచాపేది. కాళ్ళ మీద పాపని బోర్లా పడుకోబెట్టి నూనె మర్దనా, సున్నిపిండి, వేణ్ణీళ్ళు, ఆనక సాంబ్రాణి పొగ. ఆఖరి చెంబు నీళ్ళు పాప చుట్టూ తిప్పి, “శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు” అంటూ పోసేది. ఆ చెంబులో ఏడు సీసాల్లోంచీ ఒక్కొక్క చెంచా కలిపేది. ఏడో సీసా అడుగునుంచి పొడవాటి పుల్లతో ఇంత మన్ను తీసి పాప నుదుట, బొడ్డు మీద బొట్టులా పెట్టేది.

“ఏడు సముద్రాలూ చుట్టూ కాపలా ఉన్నాయి. ఇంక దీనికేం దిష్టి తగుల్తుంది?”

“ఏటో అత్తయ్యా, నా కూతురికి ఉప్పు సేపలా వాసనొస్తంది” అని వదిన నవ్వేది. కాని ఆపమని అనలేదు. అందరం గుమ్మం దగ్గర నిలబడి చూసి ఆనందించేవాళ్ళం. అప్పటికి అది అంత అందమైన పని.

పాప పాకుతున్న రోజులు. అన్నయ్య సెలవు మీద ఇంట్లో ఉన్నాడు. సాయంత్రం రేడియోలో ఇంగ్లీషు వార్తలు వస్తున్నాయి. నేను నోట్సులు దిద్దుకుంటున్నాను. ఇంగ్లండులో వాడేసిన అణు ఇంధనాన్ని శుద్ధి చేసే కర్మాగారం ఒకటి ఉందని, అక్కడినుంచి సముద్రంలోకి వదిలిన వ్యర్థాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయని, ఆ ఇసకతిన్నెల మీదకి ఎవరూ పోవద్దని ప్రభుత్వం జనాన్ని హెచ్చరించిందని రెండు మూడు వాక్యాల్లో చెప్పి, క్రికెట్ స్కోరులోకి వెళ్ళిపోయారు.

అన్నయ్య లేచి రేడియో కట్టేశాడు. ఆటంటే ప్రాణం పెట్టేవాడు స్కోరు వినకుండా కట్టేశాడంటే నాకు ఆశ్చర్యం వేసింది.

“ఏంట్రా?”

“ఆ ఊరి పేరు విన్నావా?”

“నాకేం తెలుస్తుంది ఆ ఊళ్ళ పేర్లు.”

“నేను బస్సు దిగింది అక్కడే.”

గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రేవులో సారా కొట్టువాడు వీళ్ళని చూసి, “మా చేపలకి రాత్రిళ్ళు దీపం అక్కర్లేదు, వాటంతటవే వెలుగుతాయి” అని నవ్వేవాడట. అక్కడివాళ్ళు కూడా నవ్వేవారట. ఏదో ఎకసెక్కం అనుకుని వీడూ నవ్వాడట. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటోందని మేం చూసుకోలేదు.

“ఆ సీసాలో ఏటుంది?” అంది.

నాకు తెలిసినంత చెప్పాను. అణు విద్యుత్తు చేసే చోట వాడేసిన ఇంధనాన్ని ఆమ్లంలో కరిగిస్తారు. అందులోంచి మళ్ళీ పనికొచ్చే యురేనియం, ప్లుటోనియం తీసుకుంటారు. మిగిలిన కడుగునీళ్ళలో కొంత గొట్టం వేసి సముద్రంలోకి వదిలేస్తారు, ఈ ఏడే కాదు, ఏళ్ళుగా. అందులో ఉన్నదానికి రంగు లేదు, వాసన లేదు. నిప్పులాగా మండేదీ కాదు. ఒంట్లోకి పోతే లోపల కూర్చుని ఏళ్ళ తరబడి తన పని తను చేసుకుపోతుంది.

“పాపకేటౌతాది?”

“తెలీదు వదినా.”

“తెలీదంతావేటి? సదువుకున్నావు కదా!”

ఆ మాట ఆవిడ కోపంతో అనలేదు, ఆశతో అంది. అందుకే నాకు అంత దెబ్బ తగిలింది. పాప మా మధ్యనే నేల మీద స్టీలు గ్లాసుని దొర్లించుకుంటూ పాకుతోంది. వదిన వంగి దాన్ని ఎత్తుకుని నుదురు తడిమింది. ఆ వేలు వాసన చూసుకుంది. వాసన ఏముంటుంది?

ఏదో ఒకటి చెయ్యాలి కదా. నేను చదువుకున్న యూనివర్సిటీలో భౌతికశాస్త్రం మాస్టారు ఒకాయన ఇంకా పనిచేస్తున్నారు. ఆయన దగ్గర అణుధార్మికతని లెక్కపెట్టే యంత్రం ఉందని గుర్తు. మర్నాడు బళ్ళోంచే వెళ్ళి అడిగాను. “ఆ సీసా తీసుకురా. ముఖ్యంగా అడుగునున్న మన్ను కదపకుండా తీసుకురా. నా యంత్రానికి అందకపోతే బొంబాయిలో తెలిసినవాళ్ళకి పంపిద్దాం. అందులో ఏముందో, ఎంతుందో తేల్చేస్తారు” అన్నారు. సోమవారం రమ్మన్నారు. ఇంటికొచ్చి చెబితే వదిన మొహంలో కొంచెం ప్రాణం వచ్చింది. ఎంతుందో తెలిస్తే చాలు, తక్కువైతే గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు, ఎక్కువైతే డాక్టర్ల కాళ్ళు పట్టుకోవచ్చు. మా ముగ్గురికీ అప్పుడు కావలసింది అదొక్కటే, ఒక లెక్క.

అన్నయ్య గుడ్డ చుట్టుకున్న చేత్తో సీసా తీసి, డాబా మీద మూల బోర్లించి ఉన్న తొట్టి కింద పెట్టాడు. ఇక అమ్మకి చెప్పడం మిగిలింది. అది నేనే చేశాను. ఎదురుగా కూర్చుని, ఎక్కడా దాచకుండా, నెమ్మదిగా చెప్పాను. అక్కడ పెద్ద కర్మాగారం ఉంది, అది సముద్రంలోకి విషం వదిలింది, నువ్వు పాపకి పెట్టిన మన్నులో అది ఉండి ఉండొచ్చు. అది కంటికి కనపడదు. కడిగినా పోదు. దాన్ని పరీక్ష చేయిస్తున్నాం. నువ్వు ఆ తొట్టి కిందున్న సీసాని ముట్టుకోవద్దు.

“సముద్రంలో విషమా?” అంది అమ్మ. “అంత సముద్రంలో ఎంత విషం కలిస్తే మాత్రం ఏమవుతుందే?”

“అక్కడివాళ్ళూ అలాగే అనుకున్నారమ్మా.”

“పాపకి నేనే పెట్టానా?”

ఆవిడ తన రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రెండు రోజులూ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. పాపకి నీళ్ళు వదిన పోసింది. అలవాటు తప్పి పాప కెవ్వుకెవ్వుమని ఏడిస్తే, అమ్మ గది తలుపు దగ్గరకి వేసుకుంది.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి అమ్మ మంచం ఖాళీగా ఉంది. మెట్లు దిగలేని మనిషి ఎక్కడికి పోయిందోనని కంగారుపడుతుంటే, వీధిలో రిక్షా ఆగింది. మోకాళ్ళ దాకా తడిసిన చీరతో, ఇంటివాళ్ళ పెద్దావిడ భుజం పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ వచ్చింది. మొహం తేటగా ఉంది. చంకలో తువ్వాలు మూట. మూట విప్పి, తళతళ మెరుస్తున్న ఖాళీ సీసాని పిట్టగోడ మీద ఎండకి బోర్లించింది.

విగ్రహం భిన్నమైతే ఏం చేస్తాం? దేవుడి పటం అద్దం పగిలితే ఏం చేస్తాం? ఇంట్లో ఉంచుకోకూడనిది, చెత్తలో పారెయ్యకూడనిది ఏదున్నా సముద్రంలో కలిపేస్తాం. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ అదే పని. అమ్మకి నేను చెప్పింది మొత్తం అర్థమైంది. ఇంట్లో ఉండకూడని వస్తువొకటి ఇంట్లో ఉంది, దానివల్ల మనవరాలికి కీడు. అది అర్థమయ్యే, చెయ్యవలసింది చేసి వచ్చింది.

“ఇచ్చేశాను” అంది అమ్మ. “సముద్రంలోంచి తెచ్చిందే కదా, సముద్రానికే ఇచ్చేశాను. మన్ను అంటుకుపోయి ఓ పట్టాన రాలేదు. ఇసక వేసి మూడుసార్లు కడిగాను. ఇంక మనకేం భయం లేదు.”

అన్నయ్య తల్లి మీద గొంతెత్తి ఎరగడు. ఆ రోజు ఎత్తాడు.

“ఎవరు చెయ్యమన్నారే నిన్ను? రేపొక్క రోజు ఆగితే తెలిసిపోయేది కదే! ఇప్పుడెలా తెలుస్తుంది? దేన్ని చూపించాలి వాళ్ళకి?”

అమ్మ బిత్తరపోయి నా వైపు చూసింది. నేను అడ్డుపడలేదు. నాకూ అంతే కోపంగా ఉంది. వదిన మాత్రం అరవలేదు. పాపని చంకన వేసుకుని అమ్మ దగ్గరగా వచ్చింది.

“ఎక్కడ పోసినారత్తయ్యా?”

“రేవు పక్కన ఒడ్డుకే వెళ్ళానమ్మా. వలలు లాగుతున్నారు. వాళ్ళకి అడ్డమెందుకని కొంచెం పక్కగా పోశాను.”

“పక్కగానా?” అంది వదిన.

ఆ తర్వాత చాలా రోజులు గ్రంథాలయంలో కూర్చుని ఇంగ్లీషు పత్రికలు తిరగేశాను. ఆ కర్మాగారం కట్టినవాళ్ళు, అక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలు మా అమ్మకన్నా గొప్పగా ఏమీ ఆలోచించలేదని తెలిసింది. సముద్రం పెద్దది, కలిసిపోతుంది అనుకున్నారు. ప్లుటోనియం ఒండ్రుకి అంటుకుని అడుగున పడి ఉంటుంది, ఇక పైకి రాదు అనుకున్నారు. ఆ ఒండ్రునే పోటు మళ్ళీ ఒడ్డుకి తెచ్చి పోసింది, పిల్లలు ఇసకలో ఆడుకునే చోట. మా అమ్మ చదువుకోలేదు, ఒక్క సీసాడు పోసింది. అంత చదువుకున్నవాళ్ళు గొట్టాలు వేసి ఏళ్ళ తరబడి పోశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

మాస్టారు రమ్మన్న ఆ సోమవారం ఖాళీ సీసాతోనే వెళ్ళాం. దాంతోపాటు పాప పొత్తిగుడ్డలు, అమ్మ మన్ను తీసిన పుల్ల. వదిన పాపని కూడా ఎత్తుకొచ్చింది. మాస్టారు మీట నొక్కగానే యంత్రం టిక్ మంది. వదిన ఉలిక్కిపడింది. “ఇంకా ఏమీ పెట్టలేదమ్మా. ఊరికే ఉన్నా కొడుతూనే ఉంటుంది. గాల్లో, గోడల్లో, మన ఒంట్లో కూడా సహజంగా కొంత ఉంటుంది” అన్నారాయన. పుల్ల పెట్టారు, టిక్ టిక్ మంది. గుడ్డలు పెట్టారు, టిక్ మంది. పాప చేతి దగ్గర గొట్టం పెడితే పాప నవ్వి దాన్ని పట్టుకోబోయింది. టిక్, టిక్. ఎక్కువైందా, తగ్గిందా? మా చెవులకి అన్నీ ఒక్కలాగే వినిపించాయి. ప్రతి చప్పుడుకీ వదిన చెయ్యి పాప వీపు మీద బిగుసుకోవడం నాకు కనిపిస్తోంది.

ఆయన ఏదో రాసుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “మామూలుకన్నా తేడా ఏమీ లేదు. ఉన్నా అతి స్వల్పం అయ్యుంటుంది. దాదాపు ప్రమాదం లేనట్టే.”

“దాదాపంటే ఏటండి?” అంది వదిన.

ఆయన మంచి మనిషి కాబట్టి అబద్ధం చెప్పలేదు. కొన్ని రకాలు ఈ యంత్రానికి అందవని, అవి ఒంటి లోపలికి పోతేనే హాని అని, ఆ మన్ను ఉండి ఉంటే పైకి పంపి కచ్చితంగా తేల్చేవాళ్ళమని చెప్పారు. “ఇప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేరమ్మా” అన్నారు. మద్దిలపాలెం డిపో దగ్గర బస్సు మారుతున్నప్పుడు వదిన ఆ ఖాళీ సీసాని నా చేతిలోంచి తీసుకుని బెంచీ కింద పెట్టేసి, వెనక్కి చూడకుండా నడిచింది.

మర్నాడు పొద్దున అమ్మ అలవాటుగా పీట వేసుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆవిడ దృష్టిలో పీడ వదిలిపోయింది. వదిన వేణ్ణీళ్ళ బకెట్ తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. లోపల పాప ఏడుపు. అమ్మ చాలాసేపు అలాగే కూర్చుని, చివరికి పీట గోడకి జారేసింది.

“కుళాయి నీళ్ళే కదే?” అని నన్నడిగింది. “నేను అవి తప్ప ఇంకేం పోస్తాను?”

వదినని తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు. పాపకి జలుబు చేస్తే ఆవిడ నిద్రపోయేది కాదు. దోమ కుట్టి దద్దురు లేస్తే వెలుతురులోకి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసేది. పిల్లలందరికీ వచ్చే జ్వరమే మా ఇంట్లోకి వస్తే, దాని వెనక ఇంకేదో నిలబడినట్టుండేది. ఏ డాక్టరుకి చెప్పినా విచిత్రంగా చూసేవాడు. గంపలో చేపలు తెచ్చే మనిషి, “ఏటమ్మా, సేపలు మానేసినారేటి? వంజరాలు తాజాగున్నాయి” అని అడిగితే, వదిన ఏ ఒడ్డున పట్టినవని ఎదురడిగేది. ఏ ఒడ్డు చెప్పినా కొనేది కాదు. అన్నయ్య ఓడ మానేశాడు. ఉక్కు కర్మాగారం కడుతున్న చోట పనిలో కుదిరి, రోజూ దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు. ఆ దుమ్ము కంటికి కనపడుతుంది కాబట్టి వాడికి అదే నయం అనిపించేదేమో.

అమ్మకి అసలు సంగతి ఒక్కసారిగా తెలియలేదు. విడతలు విడతలుగా తెలిసింది. ఒకరోజు బియ్యం ఏరుతూ, “అది ఎన్నాళ్ళుంటుందే?” అని అడిగింది. దాచి లాభం లేదు. ఒక రకం ముప్పై ఏళ్ళకి సగమవుతుందని, ఇంకో రకం సగం కావడానికి ఇరవై నాలుగు వేల ఏళ్ళు పడుతుందని చెప్పాను. ఆవిడ వేళ్ళు చేటలో ఆగిపోయాయి. “నేను ఇసకేసి కడిగాను కదే. గోళ్ళలోకి పోయిందేమో” అంది. నేను లేదమ్మా అన్నాను. ఆ తర్వాత ఆవిడ చేతులు ఊరికే కడుక్కోవడం మొదలుపెట్టింది. మాఘ పౌర్ణమి నాడు ఇంటివాళ్ళ పెద్దావిడ రిక్షా పిలిపిస్తానంటే వద్దంది.

పాపకి నాలుగో ఏడు నడుస్తున్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం. అన్నయ్య పనిలో, వదిన బజారులో. పాప కింద వాటా పిల్లలతో మట్టిలో ఆడి ఒళ్ళంతా పూసుకుని పైకి వచ్చింది. తువ్వాలు భుజాన వేసుకుని, గోడకి జారేసిన పీటని తనే ఈడ్చుకొచ్చి అమ్మ ముందు పడేసింది.

“నాయనమ్మా, నువ్వు పొయ్యి. అమ్మ కళ్ళల్లో సబ్బేసేస్తాది.”

ఆ ఇంట్లో ఆ పని ఎప్పుడో ఆగిపోయిందని దానికి ఎవరు చెప్పారు? కుళాయి కింద బకెట్ నిండుగా ఉంది. అమ్మ నా వైపు చూసింది. వదిన వచ్చి ఏమంటే అది నేను పడతాననుకున్నాను.

“పొయ్యమ్మా, ఏం కాదు” అన్నాను.

అమ్మ పీట మీద కూర్చుని మెల్లగా కాళ్ళు చాపింది. పాప చటుక్కున ఆ కాళ్ళ మీద ఎక్కి కూర్చుంది. అమ్మ రెండు చేతులూ చాపింది. పాప బుగ్గల దాకా వెళ్ళిన చేతులు అక్కడే ఆగిపోయాయి.

“అత్తతో పోయించుకో తల్లీ” అంది అమ్మ. “నా చేతులు మంచివి కావు.”

పాప ఆ రెండు చేతులూ పట్టుకుని, వెల్లకిలా తిప్పి, దగ్గరగా పెట్టుకుని శ్రద్ధగా చూసింది. గోళ్ళ దగ్గర కూడా చూసింది.

“ఏటీ లేదు కదా నాయనమ్మా” అంది.

అమ్మ మెల్లగా చేతులు వెనక్కి తీసుకుంది.